పొగ పోయే దోవ

మూడో నంబరు సిస్టం మళ్ళీ ఆగిపోయింది. తెర నల్లబడింది, పెట్టెలోని రంగురంగుల లైట్లు ఆరిపోయాయి, ఫ్యాన్లు ఉసూరుమని నిలిచిపోయాయి. ఆడుతున్న కాలేజీ కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద కొట్టాడు.

"ఏందన్నా ఇది! గెలిచే ఆట నాశనమాయె. ఇంకొక్కణ్ణి కొడితే అయిపోతాండె!"

కౌంటరు దగ్గర్నుంచి గాబ్రియేలు లేచి వచ్చాడు. కొన్నాళ్ళుగా ఇదే వరస. పొద్దున సిస్టములు బాగానే ఉంటాయి. ఎండ ముదిరేసరికి ఒకదాని తర్వాత ఒకటి మొండికేస్తాయి. ఈ రోజు పొద్దున్నే మొదలైంది. కడపలో మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పే పని లేదు గానీ, షబ్బీర్ గేమింగ్ సెంటరులో ఏసీ ఉంది, గదంతా చల్లగానే ఉంది. కాలేది పెట్టెలు మాత్రమే. తెర మూలలో ప్రాసెసరు వేడి చూపించే అంకె తొంభై దాటి ఎర్రబడుతుంది, ఇంకాస్త పాకుతుంది, ఆపైన మిషను తన ప్రాణం తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఆ మాత్రం తెలివి మనుషులకుంటే ఎంత బాగుండేది!

ఆ సెంటరుకు మెకానిక్కూ మేనేజరూ అన్నీ గాబ్రియేలే. సిస్టములన్నీ అతని చేత్తో బిగించినవే. యజమాని షబ్బీర్ వచ్చే నెల రాయచోటిలో రెండో సెంటరు తెరుస్తున్నాడు, దాన్ని గాబ్రియేలుకే అప్పగిస్తానన్నాడు. గాబ్రియేలు భార్య కృపమణి రాయచోటిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అక్కడ, తను ఇక్కడ. ఆదివారం బస్సెక్కి పోయి భార్యను చూసి వచ్చే కాపురం. ఆ సెంటరు చేతికొస్తే ఇద్దరూ ఒక ఇంట్లో ఉండొచ్చు. అంతకు మించి అతను ప్రార్థనలో ఏదీ అడగడం లేదు.

అతను బల్ల కిందికి వంగి పెట్టెను ముందుకు లాగాడు. ప్రతి బల్ల కిందా ప్లైవుడ్ గూడు ఉంది, గూట్లో సీపీయూ. చలికాలం చివర్లో ఒక బల్లి పవర్ సప్లైలో దూరి తాను మాడి మిషనునూ మాడ్చింది. అప్పుడు గాబ్రియేలే వడ్రంగిని పిలిపించి గూళ్ళన్నిటికీ వెనకవైపు పలకలు కొట్టించాడు, వైర్లు పోవడానికి పిడికెడు రంధ్రం మాత్రం వదిలి. ఆ తర్వాత బల్లి అన్నది లోపలికి పోలేదు. షబ్బీర్ ఆ పలకలను వచ్చినవాళ్ళందరికీ చూపించి "మా ఇంజినీరు బుర్ర" అని మెచ్చుకున్నాడు. ఇంటరుతో చదువాపిన గాబ్రియేలుకు ఆ మాట చాలా రోజులు చెవిలో తియ్యగా ఉండిపోయింది.

పక్క అద్దం విప్పి, బ్రష్షుతో ప్రాసెసరు మీది రేకుల మధ్య దుమ్ము దులుపుతుండగా సాంబ్రాణి వాసన వచ్చింది. గురువారం కదా. సందులోకి ఇమాం బాషా తాత రాకముందే ఆయన పొగ వస్తుంది.

ఆకుపచ్చ తలగుడ్డ, భుజాన జోలె, ఒక చేతిలో గొలుసులకు వేలాడే ధూపం చట్టి, రెండో చేతిలో నెమలీకల కట్ట. గురువారం, శుక్రవారం పొద్దున ఆ సందులో ప్రతి అంగడికీ పొగ వేస్తాడు. బట్టలంగడి రంగస్వామికీ వేస్తాడు, సెల్‌ఫోన్ల సాయిబుకూ వేస్తాడు, టీ అమ్మే నాగక్క పొయ్యికీ వేస్తాడు. ఎవరికి తోచింది వాళ్ళు చట్టి పక్కన పెడతారు. గాబ్రియేలు తండ్రి చర్చి పెద్ద, అయినా అతనికి ఆ పొగ పరాయిదని ఎప్పుడూ అనిపించలేదు. గురువారం ఆ వాసన లేకపోతే అది గురువారం కాదు.

"ఏం బేటా, పొద్దున్నే కడుపు కోసినావు దీనికి?" అంటూ తాత లోపలికి వచ్చాడు.

"జ్వరమొచ్చినాది తాతా."

"దిష్టిలే. ఇంతింత లైట్లు పెట్టుకోని కులుకుతాంటే తగలదా?"

ఈ పెట్టెలంటే ఆయనకు భలే ముచ్చట. ఒక్కొక్క గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చట్టిని దగ్గరగా పట్టుకుంటాడు. లోపలి ఫ్యాన్లు పొగను సర్రున లాక్కుంటాయి. అది చూసి చిన్నపిల్లాడిలా నవ్వుతాడు.

"చూడప్పా, వేరే అంగళ్ళలో నేనే ఇసరల్ల. నీ పెట్టెలు వాటంతట అవే పీల్చుకుంటాండాయి. శానా భక్తి ఉండాది వీటికి."

గాబ్రియేలు కూడా నవ్వాడు. అన్ని గూళ్ళకూ పొగ వేసి, నెమలీకలతో గాబ్రియేలు తల మీద ఒకసారి తట్టి, "అంతా మంచే జరగల్ల" అని తాత వెళ్ళిపోయాడు.

మంచి ఎక్కడ జరిగింది! మధ్యాహ్నానికి ఇంకో రెండు ఆగాయి. కుర్రాళ్ళు కౌంటరు దగ్గర మూగి గోల చేస్తుండగా షబ్బీర్ వచ్చాడు. మనిషి మంచివాడే గానీ పదిమంది ముందు పరువు పోతే తట్టుకోలేడు.

"ఏం కథ ఇంజినీరు సాబ్? మొన్న దుమ్మంటివి, దులిపితివి. నిన్న ప్రాసెసరు మీది పేస్టు ఎండిందంటివి, మార్చితివి. ఈ పొద్దు ఏమంటావు? రాయచోటిలో గూడా ఇట్లనే పెడ్తామా?"

రాయచోటి పేరు వినగానే గాబ్రియేలు గబుక్కున కిందికి వంగాడు. విప్పిన సిస్టం ముందర జాలీ మీద వేలు పెట్టి గీశాడు. వేలు నల్లగా, జిగురుగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సాంబ్రాణి.

"ఏందది?" అన్నాడు షబ్బీర్.

"మసన్నా. పొగ మసి. దుమ్మంతా దీనికే అంటుకోని గాలి ఆడనీయకుండా చేస్తాండాది."

"ఏం పొగ?"

"ఊదు పొగ."

'అనుకుంటా' అన్న మాటొకటి నోటిదాకా వచ్చింది. అందరూ తననే చూస్తున్నారు, తన వేలినే చూస్తున్నారు. ఆ మాటను మింగేశాడు. వేలి మీది మసి అబద్ధం కాదు కదా. ఆడలేక మద్దెల ఓడన్నారట. ఇక్కడ మద్దెల మీద నిజంగానే మరక ఉండటం గాబ్రియేలుకు కలిసొచ్చింది.

షబ్బీర్ ఆ వేలిని పట్టుకుని వాసన చూశాడు. ఫోను తీసి జాలీని ఫోటో కొట్టాడు.

శుక్రవారం పొద్దున షబ్బీర్ తొందరగా వచ్చాడు. "తాతకు నువ్వే చెప్పు" అన్నాడు.

"నేనా? మీరు చెప్తే బాగుంటాదేమో అన్నా. పెద్దోళ్ళు."

"నేను చెప్తే మనోణ్ణి మనోడే తరిమినాడంటారు. నువ్వయితే మిషన్ల సంగతి అర్థమయ్యేటట్ల చెప్తావు. లోపలికి రానీయద్దు, మెట్టు మీదనే చెప్పు."

గాబ్రియేలు మెట్టు మీద నిలబడ్డాడు. నిన్న దులపకుండా ఉంచిన జాలీ ఒకటి చేతిలో పట్టుకున్నాడు, చూపించడానికి. తాత నాగక్క టీ కొట్టు దగ్గర పొగ వేసి, ఆమె ఏదో అంటే నవ్వి, ఇటు వచ్చాడు. ఎప్పటిలాగే మెట్టెక్కబోతే గాబ్రియేలు పక్కకు జరగలేదు.

"తాతా, ఒక మాట."

"చెప్పు బేటా."

చెప్పాడు. ప్రాసెసరు అంటే ఏమిటో, అది ఎట్లా కాగుతుందో, దాని మీద రేకుల దిమ్మ ఎందుకుందో, గాలి ఎట్లా ఆడాలో అన్నీ చెప్పాడు. ఎంత వివరంగా చెబితే తప్పు అంత చిన్నదవుతుందన్నట్టు చెప్పాడు. చివరికి జాలీ ముందుకు చాపాడు. తాత చట్టిని మెట్టు కింద పెట్టి, జాలీ తీసుకుని, ఎండలోకి ఎత్తి చూశాడు. వేలితో రుద్దాడు. నల్లబడిన వేలిని చాలాసేపు చూసుకున్నాడు.

"ఇది నాదేనా?"

"మీదంటే... పొగది తాతా."

"పొగ నాదే కదప్పా." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నేను మంచి జరగాలని ఏస్తాంటి. అది లోపలికి పోయి ఇంత పని చేస్తాదని తెలీదు. తెలిస్తే ఏస్తానా?"

"అయ్యో, మిమ్మల్ని ఎవురేమన్నారు తాతా!"

"నువ్వు ముందే చెప్పింటే బాగుండు. మొగమాటపడినావు." జాలీని తన తువ్వాలుతో తుడిచి జాగ్రత్తగా గాబ్రియేలు చేతికిచ్చాడు. నెమలీకలు ఎత్తి అతని తల మీద తట్టబోయి, వాటి నుంచి ఏమన్నా రాలుతుందేమోనన్నట్టు ఆగిపోయాడు. చట్టి తీసుకుని, దాన్ని ఒంటికి ఎడంగా అవతలివైపు పట్టుకుని, సెంటరు ముందు నుంచి గబగబా నడిచిపోయాడు.

లోపల షబ్బీర్ "ఏమన్యాడు?" అన్నాడు.

"ఏమనలేదన్నా."

"మంచి మనిషి" అన్నాడు షబ్బీర్, ఫోనులో ఏదో రాస్తూ.

ఆ రాసింది సందు అంగళ్ళవాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి పోయింది. నల్ల జాలీ ఫోటో, కింద నాలుగు మాటలు: పొగ వల్ల మిషన్లు పాడవుతున్నాయి, మా ఇంజినీరు పరీక్ష చేసి కనుక్కున్నాడు, అందరూ జాగ్రత్త. గాబ్రియేలు దాన్ని తన ఫోనులో చూసి, 'పరీక్ష' అన్న మాట దగ్గర ఆగాడు. జిరాక్సు అంగడివాడు దండం బొమ్మ పెట్టాడు. ఫోటో స్టూడియో వాడు మా కెమెరా లెన్సు కూడా మసకబారిందన్నాడు. రక్తపరీక్షల ల్యాబు వాడు మేం ఎప్పుడో అనుకున్నాం అన్నాడు. అంతవరకు న్యాయమే అనుకుందాం, వాళ్ళవి మిషన్లే. బట్టలంగడి రంగస్వామికి ఉన్న మిషనల్లా బిల్లు కొట్టే డబ్బా ఒకటి. ఆయన అందరికన్నా పొడుగు మెసేజీ పెట్టాడు. కొత్తగా వచ్చే ఆడవాళ్ళు కొందరు ఆ పచ్చ తలగుడ్డ, ఆ పొగ చూసి లోపలికి రావడం లేదట, పైకి చెప్పలేక ఇన్నాళ్ళు ఓర్చుకున్నాడట. సెల్‌ఫోన్ల సాయిబు కొడుకు, గడ్డం పెంచుతున్న కుర్రాడు, ఇవన్నీ మా దీన్‌లో, మా మతంలో లేనే లేవు అని రాశాడు. రంగస్వామీ ఆ కుర్రాడూ ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలబడిన వాళ్ళు కారు. గాబ్రియేలు వేలు వాళ్ళిద్దరినీ కలిపింది.

శనివారం మిట్టమధ్యాహ్నం మూడో నంబరు ఆగిపోయింది. ఆ వెనకే ఐదో నంబరు.

గాబ్రియేలు వాటి ముందు చతికిలబడ్డాడు. జాలీలన్నీ సబ్బు నీళ్ళతో కడిగినవి, తళతళలాడుతున్నాయి. రేకుల దిమ్మలు బ్లోయర్‌తో ఊదినవి. పేస్టు కొత్తది. మసి అన్నది మచ్చుకు కూడా లేదు. మరి ఎందుకు కాలుతున్నాయి? చెయ్యి గూటి పై అంచుకు తగిలింది. చురుక్కుమంది. గూటిలోంచి ముఖాన కొట్టే వేడిగాలి అది. లోపల్నుంచి వెనక్కి పోవలసిన గాలి ముందుకెందుకు వస్తుంది?

గాలి కంటికి కనపడదు. కనపడాలంటే పొగ కావాలి. లేచి నాగక్క కొట్టుకు వెళ్ళాడు.

"అక్కా, ఒక ఊదొత్తి ఇయ్యి."

నాగక్క టీ వడగడుతున్నది ఆపి పైకీ కిందికీ చూసింది. "ఏమప్పా గాబ్రియేలూ, మతం మార్చినావా? నిన్న పొగ కూడదని తాతను పంపిస్తివి. ఈ పొద్దు ఊదొత్తులు అడుగుతాండావు."

"పనుండాది, ఇయ్యక్కా."

పటం ముందు గుచ్చినదాన్నే పీకి ఇచ్చింది. "ఆయప్పకు ఈడ టీ తాగే అలవాటు. పోతా పోతా నిన్న టీ గూడా తాగల్యా" అంది. గాబ్రియేలు విననట్టు వచ్చేశాడు.

సిస్టం మళ్ళీ వేసి, బరువైన ఆట ఒకటి నడిపించి, గూటి వెనక వైర్ల రంధ్రంలో ఊదొత్తి దూర్చాడు. తర్వాత ముందుకు వచ్చి నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి చూశాడు. సన్నని తెల్లటి పొగ. వెనక పలకకు కొట్టుకుని, పోయే దోవ లేక, పెట్టెకూ గూటికీ మధ్య సందులోంచి పాక్కుంటూ ముందుకు వచ్చింది. వచ్చి, ముందరి ఫ్యాను దగ్గర వంగి, బుద్ధిగా మళ్ళీ లోపలికి పోయింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. మిషను తాను వదిలిన వేడిని తానే తాగుతోంది. చలికాలం చివర్లో ఆ వేడి తెలియలేదు. మే నెల తెలియజేసింది.

కడపలో కూలర్ లేని ఇల్లు తక్కువ. కూలర్ పెడితే ఎదురు కిటికీ తెరవాలని, లేకపోతే ఉక్క చంపుతుందని చంటిపిల్లలకు కూడా తెలుసు. గాబ్రియేలు ఇంట్లో కిటికీ తెరిచే కూలర్ వేసుకుంటాడు. ఇక్కడ మాత్రం బల్లికి భయపడి కిటికీలన్నీ మేకులు కొట్టి మూశాడు.

స్క్రూడ్రైవరు తెచ్చి పలక విప్పాడు. తెర మీది అంకె దిగడం మొదలుపెట్టింది. ఎనభై, ఇంకా కిందికి, డెబ్భై. అక్కడ నిలబడింది. ఇన్ని రోజులుగా చూడాలని తపించిన అంకె అది. తీరా చూస్తే చచ్చిపోవాలనిపించింది.

మిగతా పలకలన్నీ వరసగా విప్పాడు. బల్లులు రాకుండా సన్నని దోమల జాలీ తెచ్చి బిగించాడు. సాయంత్రం దాకా ఒక్క సిస్టమూ ఆగలేదు. షబ్బీర్ వచ్చేసరికి అన్ని కుర్చీలూ నిండి ఉన్నాయి. తిరుగుతున్న ఫ్యాన్లను చూసి, గాబ్రియేలు వీపు తట్టాడు.

"చూసినావా? పొగ ఆపితే ఎట్ల దారికొచ్చినాయో!"

విప్పిన పలకలు మూల దొంతరగా ఉన్నాయి. షబ్బీర్ వాటి వైపు చూసినట్టు లేదు. 'అన్నా' అని మొదలుపెట్టడానికి గాబ్రియేలు నోరు తెరిచాడు. ఇంతలో షబ్బీరే "రేపు రాయచోటికి పోతావు కదా, వడ్రంగి పని ఎంతవరకొచ్చిందో చూసి రా" అన్నాడు. గాబ్రియేలు తెరిచిన నోటితోనే "సరేన్నా" అన్నాడు.

ఆదివారం రాయచోటిలో కొత్త సెంటరు గదికి వెళ్ళాడు. వడ్రంగి లేవి అచ్చం కడపలో లాగే గూళ్ళు చేసి వెనక పలకలు కొడుతున్నాడు.

"లేవన్నా, పలకలు వద్దు. తీసేయి."

"నువ్వే గదప్పా కొట్టమంటివి? కొలతలు గూడా పంపిస్తివి."

"నాది తప్పు. గాలి పోవల్ల."

లేవి సుత్తి తిప్పి మేకు పీకేశాడు. ఒక్క నిమిషం పని. నాది తప్పు అన్న మాట ఎంత సులువుగా వచ్చిందో చూసి గాబ్రియేలే ఆశ్చర్యపోయాడు. చెక్కలకు చెప్పడం ఎప్పుడూ సులువే.

కృపమణి డ్యూటీ దిగి వచ్చి, ఆసుపత్రి వెనక వీధిలో చూసిపెట్టిన ఇల్లు చూపించింది. రెండు గదులు, ముందర వేపచెట్టు నీడ. ఏ గదిలో మంచం వేయాలో, పొయ్యి ఎటు పెట్టాలో చేతులు ఊపుతూ చెప్పింది. అతను అన్నిటికీ ఊఁ కొట్టాడు.

"ఏంది, బాగలేదా ఇల్లు?"

"బాగుండాది."

"మొగం అట్లుండాదే?"

చెప్పాడు. అంతా చెప్పాడు, వేలి సంగతి కూడా. కృపమణి గడప మీద కూర్చుని విన్నది.

"షబ్బీరన్నకు చెప్తే ఈ సెంటరు ఇయ్యడా?"

"ఇంజినీరు బుర్ర అని సందంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ బుర్రే తప్పు అంటే ఎట్ల నమ్మి ఇస్తాడు?"

ఆమె ఖాళీ గదిలోకి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చెప్పు" అంది. "చెప్పకుండా ఈడికొస్తే నువ్వు ఈ ఇంట్లో పండుకోలేవు. నాకు తెల్సు."

అయినా సోమవారం చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు. ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు ఉండేవారు, లేదా ఎవరూ లేనప్పుడు షబ్బీర్ సంతోషంగా ఉండేవాడు. ధైర్యం లేనివాడికి ముహూర్తాలు ఎప్పటికీ కుదరవు.

గురువారం వచ్చింది. వాసన రాలేదు. గాబ్రియేలు పని చేస్తూనే మాటిమాటికీ సందులోకి తొంగి చూశాడు. చివరికి నాగక్క దగ్గరికి వెళ్ళాడు.

"తాత రాలేదా అక్కా?"

"యాడొస్తాడు? మొన్న సంతలో కనపడితే నేనే పిల్చినా. నా కొట్టుకు రా తాతా, ఎవురేమంటారో చూస్తా అన్యా. నీ ఫ్రిజ్జుకు ఏమన్నా అయితాది తల్లీ, వద్దు అన్యాడు. నాకేమో ఏడుపొచ్చె." నాగక్క గ్లాసులు కడుగుతూనే అంది. "అంగళ్ళోళ్ళు రావద్దన్నందుకు కాదప్పా. ఆయప్పే మానుకున్యాడు. గాబ్రియేలు సదువుకున్న పిల్లోడు, నాకు చూపించి మరీ చెప్పినాడు అంటాండాడు."

గాబ్రియేలు అక్కడి నుంచి నేరుగా సెంటరులోకి వెళ్ళాడు. షబ్బీర్ కౌంటరు దగ్గర ఉన్నాడు, ఇద్దరు కుర్రాళ్ళు కూడా ఉన్నారు. ఇక ముహూర్తం చూడలేదు.

"అన్నా, పొగ కాదు. నేను కొట్టించిన పలకల వల్ల కాలినాయి. పలకలు తీస్తే చల్లబడినాయి. తప్పు నాది."

షబ్బీర్ కుర్రాళ్ళను కుర్చీల్లోకి పంపించి, గాబ్రియేలును బయటికి తీసుకొచ్చాడు. కోప్పడతాడనుకున్నాడు గాబ్రియేలు. తిట్టినా, రాయచోటి లేదన్నా, ఉద్యోగమే లేదన్నా సిద్ధపడే వచ్చాడు. షబ్బీర్ తిట్టలేదు.

"పలకలు విప్పి మూల పెట్టింటివి. చూసినా. నాకు ఆ పొద్దే అర్థమైనాది" అన్నాడు.

"మరి..."

"మరి ఏం లేదు. చల్లబడినాయి, ఆట నడుస్తాండాది. నాకు కావాల్సింది అదే."

"తాతను రమ్మందామన్నా. గ్రూపులో ఒక మాట పెడితే..."

"ఏమని పెట్టల్ల? నా ఫోటో తప్పు, నా ఇంజినీరు తప్పు అనా? అందరూ నన్ను చూసి నవ్వల్లనా?" షబ్బీర్ గొంతు తగ్గించాడు. "నీకింగో మాట చెప్తా. ఈ చట్టీలు, నెమలీకలు వద్దని మా మసీదులో ఎప్పట్నుంచో అంటాండారు. ముసలాయన మొగం చూసి నేనే చెప్పలేకపోయినా. రంగస్వామికి ఇంగొక కారణముండాది, అది నీకూ తెల్సు. ఎవుని కారణం వానికుండాది. లేందల్లా మొదట నోరు తెరిచేటోడే. నువ్వు తెరిచినావు."

షబ్బీర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"భయపడద్దు. ఒకటో తేదీకి రాయచోటికి పో. సెంటరు నీదే. పనిలో తప్పు ఎవురైనా చేస్తారు, దిద్దుకున్నావు, అంతే. ఈ మాట మాత్రం ఈ మెట్టు దిగి పోకూడదు."

పోతుందనుకున్న సెంటరు పోలేదు. చేతిలో పెట్టి మరీ ఇచ్చాడు. ఇన్నాళ్ళు మోకాళ్ళ మీద అడిగినది అదే అయినా, గాబ్రియేలుకు దాన్ని ఎక్కడన్నా పారేసి రావాలనిపించింది. పారేయలేదు. కృపమణి చేతులు ఊపుతూ చూపించిన ఆ రెండు గదులు కళ్ళ ముందు నిలబడ్డాయి.

ఎండ తగ్గాక దర్గా వెనక వీధిలో ఇమాం బాషా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. రేకుల గది, ముందర గోనెపట్టా పందిరి. పందిరి కింద తాతా ఆయన భార్య పీరమ్మా కూర్చుని దర్గాకు గులాబీలు గుచ్చుతున్నారు. ఆమె వేళ్ళు చకచకా ఆడుతున్నాయి. ఆయనకు చేతకావడం లేదు, రెక్కలు రాలిపోతున్నాయి.

"ఏయ్, మన గాబ్రియేలు!" తాత నిజంగానే సంతోషపడ్డాడు. "పీరమ్మా, ఈ అబ్బోడే నేను చెప్పింది. నీళ్ళు తే. మిషన్లు ఎట్లుండాయి బేటా? నిలబడినాయా?"

"నిలబడినాయి తాతా."

"అల్లా దయ." ఆయన ముఖం వెలిగింది. "చూసినావా పీరమ్మా, నేను మానుకున్నందుకు మంచే జరిగినాది."

గాబ్రియేలు నేల మీద కూర్చుండిపోయాడు. "అందుకు కాదు తాతా. మీ పొగ వల్ల కానేకాదు. నేను వెనక పలకలు కొట్టించినా. వేడి పోను దోవ లేక కాలినాయి. పలకలు పీకితే బాగైనాయి. నా తప్పు మీ మీద పెట్టినా. రేపట్నుంచి రాండి."

తాత పువ్వు పట్టుకున్న చెయ్యి ఆపి విన్నాడు. పిల్లలు ఏడుస్తూ చెప్పే మాటను పెద్దలు వినే ఓపికతో చివరిదాకా విన్నాడు.

"షబ్బీర్ రమ్మన్యాడా?"

గాబ్రియేలు తల వంచుకున్నాడు.

"పోనీ, సందులో ఇంకెవురన్నా?"

గాబ్రియేలు అడ్డంగా తల ఊపాడు.

"నువ్వు మంచోడివి బేటా" అన్నాడు తాత. "ముసలోడు బాధపడతాండాడని ఇంత దూరం వచ్చి, తప్పు నీ మీద ఏసుకుంటాండావు. ఆ నలుపు నేనే నా కండ్లతో చూస్తి గదా. అది అబద్ధమా?"

"మసి ఉండేది నిజమే తాతా. కానీ..."

"ఆ." ఆ మాట దగ్గరే ఆయన పట్టుకున్నాడు. "అదే నేననేది. పండుకుంటే అదే గుర్తొస్తాండాది. ఎన్ని ఏండ్లు తిరిగినా ఆ సందులో! పోయినేడు స్టూడియో వాళ్ళ మిషను చెడిపోయి ఆ పిల్లోడు ఎంత ఏడ్చినాడు. దానికీ నేనే పొగ ఏసింటి. ల్యాబు వాళ్ళది, జిరాక్సు వాళ్ళది... ఏదేది నా వల్ల పోయినాదో. వాళ్ళందరూ నన్ను నవ్వుతా పిల్చి దుడ్లిచ్చినారు."

"కాదు తాతా! ఒక్కటి గూడా మీ వల్ల కాదు. ఒట్టు, దేవుని మీద ఒట్టు!" గాబ్రియేలు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఒట్లెందుకులే" అని పీరమ్మ నీళ్ళ చెంబు అతని ముందు పెట్టింది. ఆమె కూడా అతన్ని జాలిగానే చూసింది.

తాత రాలిన గులాబీ రెక్కలను ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముందుకు వంగాడు.

"రాయచోటికి పోతాండావంట గదా, పెద్ద అంగడికి. నాగక్క చెప్పినాది. నాకొక సాయం చేయల్ల నువ్వు."

"చెప్పండి తాతా. ఏమైనా చేస్తా."

"ఆడ గూడా మావోళ్ళుంటారు, చట్టి పట్టుకోని తిరిగేటోళ్ళు. సదువు లేనోళ్ళు, పాపం వాళ్ళకూ తెలీదు. నువ్వు మొగమాటపడొద్దు. మొదటి గురువారమే మెట్టు మీద నిలబెట్టి, నాకు చెప్పినట్ల నిదానంగా చెప్పు. ఆ నలుపు చూపించు. చూపిస్తే అర్థం చేసుకుంటారు. నా మాదిరి కావద్దు ఎవురూ."

గాబ్రియేలు ఆయన ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

"చెప్తావు కదా?"

"చెప్తా తాతా" అన్నాడు గాబ్రియేలు.

"అంతే సాలు" అని ఇమాం బాషా తేలిగ్గా ఊపిరి వదిలి, ఇంకో పువ్వు తీసుకుని సూదికి గుచ్చాడు.